వేషానికి ఎంత ఇస్తారు?

2005 ఫిబ్రవరి 2, వనపర్తి

గద్వాల పని ముగిసింది. నలభై మగ్గాలు, నలభై ఫారాలు, ఒక్క గడి ఖాళీ లేదు. చీరకు ధర ఉంటుంది, నేసినవాడికి కూలి ఉంటుంది, అమ్మినవాడికి లాభం ఉంటుంది. అడిగితే చెబుతారు, చెబితే రాసుకుంటాం. ఎం.ఫిల్. అంటే ఇంత హాయిగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. 'పాలమూరు కళా పరిశ్రమలు: సాంస్కృతిక, ఆర్థిక విలువ' అని నేను అంశం ప్రకటించినప్పుడు క్లాసులో నవ్విన వాళ్లందరినీ పిలిచి ఈ ఫారాల కట్ట చూపించాలనిపిస్తోంది. కళ పరిశ్రమ ఎలా అవుతుందే సౌజన్యా, అంది మాలతి. ఎందుకు కాదు? చేసి చూపిస్తాను.

మిగిలింది నాటకం ఒక్కటే. గోపాల్‌పేట దాటాక ఒక ఊళ్లో ఏటా ఉగాది అయ్యాక పద్యనాటకం వేస్తారట. రెండు వారాల పని. ఊళ్ల పేర్లు బయటపెట్టకూడదని మా గైడ్ చంద్రశేఖర్ సార్ నియమం. థీసిస్‌లో ఇది మూడో ఊరు. డైరీలో కూడా అలాగే రాస్తాను, లేకపోతే అలవాటు తప్పి అక్కడ రాసేస్తాను.

ఫిబ్రవరి 6

మూడో ఊరికి వెళ్లొచ్చాను. దిగిన పది నిమిషాలకే నా ఫారం పనికిరాకుండా పోయింది.

నాటకం నేర్పేది వెంకటేశం మాస్టరు. లింగాల మనిషి. ఏటా రెండు నెలలు హార్మోనియం తెచ్చుకుని ఈ ఊళ్లోనే మకాం. నటులకు ఒక్కొక్కరికి ఎంత ఇస్తారు మాస్టారూ అని అడిగాను. ఇచ్చేది కాదమ్మా, వాళ్ల దగ్గర తీసుకునేది అన్నాడాయన. ఎవరి వేషానికి వాళ్లే డబ్బు కట్టాలి. రాజుకు అందరికంటే ఎక్కువ, మంత్రికి కొంచెం తక్కువ, అలా దిగుతూ వస్తుంది. కావలి భటుడిది ఒక్క మాట వేషం కాబట్టి ఊరికే ఇస్తారు. ఆ డబ్బులతోనే మాస్టరు జీతం, డ్రెస్సుల కిరాయి, మైకు, లైట్లు, రాణి వేషానికి కర్నూలు నుంచి వచ్చే ఆవిడ ఖర్చు. చూసేవాళ్లు పైసా ఇవ్వరు.

అంటే తయారు చేసేవాడు డబ్బిచ్చి చేస్తాడు, అనుభవించేవాడు ఊరికే అనుభవిస్తాడు. ఇలాంటి పరిశ్రమ నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. బస్సులో వస్తున్నంతసేపూ సంతోషంతో కాళ్లు నిలవలేదు. మంచి అధ్యాయం నా ఒళ్లో వచ్చి పడింది.

నాటకం పేరు 'రణకేతు మహారాజు'. రెండు తరాల కింద ఈ ఊరి బడిపంతులు రాశాడు. అచ్చు కాలేదు, చేతిరాత నోటుపుస్తకం ఒకటుంది. ఈ ఊళ్లో తప్ప ఇంకెక్కడా ఆడరు. రణకేతు వేషం కురుమూర్తిది. యాభై నాలుగేళ్లు, మూడెకరాల మెట్ట, ఈ ఏడు బోరు కూడా ఎండిపోయింది. పందొమ్మిదేళ్లుగా ఆయనే రాజు. వాళ్లింటికి వెళ్లాను. ఒక పద్యం వినిపించమంటే భుజం మీద తువ్వాలు తీసి మడిచి పక్కన పెట్టి, చెప్పులు విడిచి, అప్పుడు ఎత్తుకున్నాడు. గొంతు పగిలిన గొంతే. కానీ ఆ ముందు వరకు నాతో పొలం గురించి మాట్లాడిన మనిషి అక్కడ లేడు. ఆయన భార్య బాలమ్మ చాయ్ తెచ్చి నా పక్కన కూర్చుంది.

"సంసారం మాతోని బిడ్డా, పానం మాత్రం ఆ రాజు తోని. యాడాదికి ఒక్క దినం కోసం బతుకుతడు," అంది. విసుగ్గానే అంది కానీ నవ్వు దాచుకోలేకపోయింది.

ఫిబ్రవరి 8

సార్‌కు ఫోన్ చేశాను. సంబరపడ్డాడు. బజారులో ధర పలకని వస్తువుకు ధర కట్టాలంటే జనాన్నే అడగాలి, 'ఇది మీకు దొరుకుతుందనుకుంటే ఎక్కువలో ఎక్కువ ఎంత ఇస్తారు' అని. వాళ్లు చెప్పిన అంకె వాళ్ల మనసులో దాని విలువ. క్లాసులో చెప్పిన పద్ధతే. ఫారం తిరగరాశాను. ప్రశ్న ఇలా కుదిరింది: 'మీకు నచ్చిన వేషం ఏదైనా దొరుకుతుందనుకుందాం. ఏ వేషం కోరుకుంటారు? దానికి ఎక్కువలో ఎక్కువ ఎంత ఇస్తారు?'

నా ప్రశ్న నాకే ముద్దొచ్చింది.

ఫిబ్రవరి 13

ఒక్క పూటలో ఇరవై రెండు ఫారాలు!

ఇల్లిల్లూ తిరగాలనుకుంటూ వెళ్లాను. అదృష్టం, నటులందరూ బడి వెనక పందిట్లో ఒక్కచోటే ఉన్నారు. ఏదో పూజ చేసుకున్నట్టున్నారు. గొంగడి పరిచి దాని మీద హార్మోనియం, దానికి పసుపు కుంకుమ, పూలదండ, కొట్టిన కొబ్బరికాయ. మాస్టరు దాని వెనక కూర్చుని ఇంకా ఏమీ మొదలుపెట్టలేదు. నేను ఒక చిన్న పని చేసుకోవచ్చా మాస్టారూ అంటే, అడగాల్సిందేదో మీరే అడగండి అన్నాడు. వరసగా అడిగాను. గద్వాలలో ఒక్కో ఇంట్లో గంట పట్టేది. ఇక్కడ అందరూ నోరు విప్పకుండా ఒద్దికగా కూర్చుని, పిలిచినప్పుడు లేచి, హార్మోనియం వైపు చూసి జవాబు చెప్పారు. నేనింత క్రమశిక్షణ ఉన్న జనాన్ని ఎక్కడా చూడలేదు. మంత్రి వేసేవాడు మంత్రే కోరుకున్నాడు, సేనాపతి సేనాపతే. ఎప్పుడూ ఇచ్చేదే చెప్పారు.

ఒక్క భీమన్న తప్ప. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి, వనపర్తిలో బోరు మోటార్లు వైండింగ్ చేసే షాపు. రెండేళ్లుగా రాజు కొలువులో ఏదో చిన్న వేషం వేస్తున్నాడు. అతను వెంటనే చెప్పలేదు. నేను మళ్లీ ప్రశ్న చదివాను. నిజం చెప్పండి, మొహమాటపడితే నా చదువు పాడవుతుంది అని కూడా అన్నాను. అప్పుడు చెప్పాడు. రణకేతు, పదివేలు. ఇప్పటిదాకా ఆ వేషానికి మూడువేలు! అలాంటి అంకె కోసమే కదా ఈ పద్ధతి పుట్టింది. అందరూ ఊపిరి బిగబట్టి విన్నారు.

కురుమూర్తి వంతు దాని తర్వాతే వచ్చింది. నాకేం లేదు రాసుకో బిడ్డా అని, పశువులు నీళ్లకు పోవాలని లేచి వెళ్లిపోయాడు. ఆ ఫారం మీద 'ఆసక్తి లేదు' అని గుర్తు పెట్టాను.

ఫిబ్రవరి 14

ఫారాలన్నీ పట్టికలోకి ఎక్కించాను. అంకెలు ముత్యాల్లా ఉన్నాయి.

ఫిబ్రవరి 20

వెంకటేశం మాస్టరు బస్సు ఆగేచోటే నా కోసం నిలబడి ఉన్నాడు. ఊళ్లోకి పోయే ముందు ఒక మాట వినమని చింతచెట్టు కిందికి తీసుకుపోయాడు.

మొన్న నేను చూసింది ఉత్త పూజ కాదు. అది వేషాలు పంచే రోజు. వేషాలు ఇచ్చేటప్పుడే పెట్టెకు దండ వేస్తారు. (హార్మోనియాన్ని పెట్టె అనే అంటారు.) మాస్టరు ఒక్కొక్కరినీ లేపి నీది ఏ వేషం, ఎంత ఇస్తవు అని అడుగుతాడు. పెట్టె ముందు అన్న మాటకు తిరుగులేదు. ఎవరి వేషం వాళ్లకే ఉంటుంది, ఇంకొకరి వేషం అడగడం ఈ ఊళ్లో ఇంతవరకు లేదు. మొన్న నేను ఫారాలు పట్టుకుని సరిగ్గా అదే ప్రశ్న, అదే చోట, అదే వరసలో అడిగాను. హైదరాబాదు నుంచి వచ్చిన చదువుకున్న మనిషి, కాగితం మీద రాసుకుంటోంది, ఈసారి పద్ధతి ఇదేమో అనుకుని మాస్టరు ఊరుకున్నాడు. ఊరంతా ఊరుకుంది. రణకేతు వేషం పదివేలకు భీమన్నదైపోయింది. కురుమూర్తి వారం రోజులుగా బడి వైపు రావడం లేదు.

'అనుకుందాం' అని అన్నాను కదా మాస్టారూ అన్నాను.

"పెట్టె ముంగట అనుకునుడు ఉండదమ్మా, అనుడే ఉంటది," అన్నాడు.

ఇందులో నా తప్పు లేదు. ఎవరైనా ముందే చెప్పాలి కదా. నేను అడిగింది ఊహ ప్రశ్న. ఫారంలో స్పష్టంగా అచ్చయి ఉంది. వచ్చే ఆదివారంలోగా సర్దేస్తాను.

ఫిబ్రవరి 21

నా తప్పు లేదు. ప్రశ్న సరైనదే, చోటు తప్పు.

ఫిబ్రవరి 24

భీమన్న షాపు బస్టాండు వెనక. నేల మీద రాగి తీగ చుట్టలు, కాలిపోయిన మోటార్లు గోడ పొడుగునా పేర్చి ఉన్నాయి. కరువులో బోర్లు ఎండి మోటార్లు కాలిపోతుంటే అతనికి చేతినిండా పని. కురుమూర్తి బోరు మోటారు కూడా ఆ వరసలోనే ఉందని అతనే చూపించాడు.

సూటిగా చెప్పాను. అది నా చదువు కోసం అడిగిన ప్రశ్న భీమన్నా, నువ్వు మాట వెనక్కి తీసుకో, నేను పెద్దమనుషులతో మాట్లాడతాను. ఒప్పుకుంటాడని గట్టి నమ్మకంతోనే వెళ్లాను. చేతిలో తీగ చుట్టడం ఆపకుండానే విన్నాడు. అంతా విన్నాక ఆపాడు.

"మేడం, చిన్నప్పటి సంది స్టేజి కింద కూసోని చూస్తున్న. రణకేతు పద్యాలు అరవై మూడు. అన్ని నాకొస్తయ్, మోటరు చుట్టుకుంట పాడుకుంట. ఇన్నేండ్లల్ల నీకేం గావాలెరా అని నన్నెవ్వరు అడగలే. మీరడిగిన్రు. ఒకసారి కాదు, రెండుసార్లు అడిగిన్రు. అబద్ధం చెప్పొద్దన్నరు. చెప్పిన."

చాయ్ తెప్పించాడు, తాగి వచ్చేశాను.

అతని మీద కోపంతో వెళ్లిన దాన్ని. ఇప్పుడు ఆ కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియడం లేదు. డబ్బున్నవాడు లేనివాడి వేషం లాక్కున్నాడు అని రాసుకుంటే సులువుగా ఉండేది.

ఫిబ్రవరి 27

కురుమూర్తి చేలో ఎండిన జొన్న చొప్ప కోస్తున్నాడు. నన్ను చూసి కొడవలి పక్కన పెట్టి రా బిడ్డా అన్నాడు. కోప్పడితే బాగుండేది. బాలమ్మ మాత్రం దాచుకోలేదు. రాజు వేషం కోసమని దసరా నాడే రెండు మేకలు అమ్మి ఆ మూడువేలు మూట కట్టి జొన్నల గరిసెలో పెట్టిందట. మోటారు బాగు చేయించడానికి కూడా ఆ మూట ముట్టనివ్వలేదట. రాత్రిపూట నిద్రలో పద్యాలు పాడే మనిషి ఈ రెండు వారాలుగా పాడడం లేదని చెప్పింది.

"గాయన అట్ల సప్పుడు చెయ్యకుంట పండుకుంటె నాకు భయమైతుంది," అంది.

ఇక్కడ నేను ఒక తెలివైన పని చేశాననుకున్నాను. నా ఫెలోషిప్ డబ్బులున్నాయి, పెద్దనాయనా, తక్కువపడ్డ ఏడువేలు నేను వేస్తాను, మీరు కూడా పదివేలు అనండి, పందొమ్మిదేళ్లు వేసినవాళ్లకే ముందు హక్కు ఉంటుంది అన్నాను. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"నువ్వు కొనిస్తె అది నీ వేషమైతది గని నాదెట్లయితది బిడ్డా," అన్నాడు.

మళ్లీ కొడవలి తీసుకున్నాడు. నాకు అక్కడే ఏడుపొచ్చింది. చేలో ఎండకు కళ్లు మండుతున్నాయని బాలమ్మకు చెప్పాను, ఆమె కొంగుతో నా ముఖం తుడిచింది. నమ్మలేదని తెలుసు.

మార్చి 1

సార్ ఫోన్‌లో ఎగిరి గంతేసినంత పని చేశాడు. మామూలుగా ఊహకు చెప్పే అంకె వేరు, నిజంగా కట్టే అంకె వేరట, ఇక్కడ రెండూ ఒకటేనట. ఎవరికీ ఇలాంటి ఆధారం దొరకదట. భీమన్న పదివేలు నా థీసిస్‌కు కిరీటం అన్నాడు. ఆ రెండు మాటలూ బూత్‌లోంచి బయటికొచ్చాక కూడా చెవుల్లో ఉన్నాయి. నేను మంచి పరిశోధకురాలిని. ఇది రాసుకోవడానికి సిగ్గెందుకు?

అన్నం సహించలేదు. ఎండలు ముదిరాయి.

మార్చి 6

మూడో ఊరికి వెళ్లలేదు. తలనొప్పి.

మార్చి 7

తలనొప్పి.

మార్చి 9

తలనొప్పి లేదు. ఉందని రెండు రోజులు రాశాను. ఆ ఊరికి వెళ్లడానికి భయమేసింది, అదీ సంగతి. నిజం చెప్పమని ఇరవై రెండు మందిని అడిగిన దాన్ని, ఎవరూ చదవని డైరీలో నేనే చెప్పలేకపోయాను.

తప్పు నాదే. ప్రశ్నదీ కాదు, చోటుదీ కాదు. దండ వేసిన హార్మోనియం కళ్ల ముందు పెట్టుకుని అదేమిటని ఎవరినీ అడగలేదు నేను. ఇరవై రెండు మందిని అడిగాను, ఆ ఒక్కటి అడగలేదు.

మార్చి 13

ఈరోజు మిగిలిపోయిన చిన్న వేషాలు ఇచ్చే రోజని మాస్టరు కబురు పెట్టాడు. మళ్లీ పెట్టెకు దండ వేస్తారు. మాట పోయింది అక్కడే కాబట్టి అక్కడే తీసుకోవాలని నిర్ణయించుకుని వెళ్లాను. ఫారాలన్నీ సంచిలో పెట్టుకున్నాను.

పందిట్లో అందరూ ఉన్నారు. భీమన్న ఒక గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. నేను మాస్టరును అడిగి, పెట్టె ముందు నిలబడి చెప్పాను. నేను అడిగింది వేషాలు పంచడానికి కాదు, నా చదువు కోసం. ఇది ఏ రోజో తెలుసుకోకుండా అడిగాను. తప్పు నాది, ఆరోజు అన్న మాటలు చెల్లవని పెద్దలు అనాలి, ఈ కాగితాలు మీ దగ్గరే ఉంచేస్తాను, నా థీసిస్‌లో ఈ ఊరు ఉండదు. నెల రోజుల పని అది, అయినా ఇచ్చేయడానికి నాకు బాధ కలగలేదు. అప్పటికి నేను అనుకున్నది ఒక్కటే, ఇక రాజు వేషం కురుమూర్తిదే.

పెద్దమనుషులు చాలాసేపు గుసగుసలాడుకున్నారు. అడిగిన మనిషే అడగడం తప్పంటే మాట రద్దు చేయొచ్చేమో అన్నారు. భీమన్నను అడిగారు. అతను లేచి, కురుమూర్తి పెద్దనాయన ఎట్లంటే అట్లనే అన్నాడు. అప్పుడు చూశాను కురుమూర్తిని. ఎప్పుడొచ్చాడో, అందరికంటే వెనక గొడ్డలి కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముందుకు వచ్చాడు. చెప్పులు విడిచాడు.

"పందొమ్మిదేండ్లు ఎవ్వడు అడగకపాయె. రాజు వేషం నా ఒక్కనిదే అనుకున్న. ఈ పిలగాడు ఇన్నేండ్లు కడుపుల పెట్టుకున్నడని నాకు తెల్వదు. నా ముంగట అడిగే ధైర్నం లేక పెట్టుకున్నడు. ఆయమ్మ అడిగింది తప్పయితె అయ్యింది గని, వాడు చెప్పింది తప్పెట్లయితది? రాజు వేషం వాడే కట్టాలె."

వెంకటేశం మాస్టరే అడిగాడు, మరి నీది ఏ వేషం కురుమూర్తీ అని.

"కావలి భటుడు."

ఎవరో చిన్నగా నవ్వి ఆపుకున్నారు. మాస్టరు అలవాటుగా తలూపి, అది ఊరికే ఇచ్చేదే కదా, ఇంకేం అడగాలి అన్నాడు. కురుమూర్తి నడుముకు కట్టుకున్న మూట విప్పి పెట్టె ముందు గొంగడి మీద పెట్టాడు.

"రాజుకని దాచింది. మూడువేలు. భటునికి ఇస్తున్న. ఊరికే వద్దు నాకు."

ఫిబ్రవరి 13న అందరూ ఊపిరి బిగబట్టి విన్నారని రాసుకున్నాను. అది నా ప్రశ్న గొప్పతనం అనుకున్నాను. ఈరోజు కూడా అందరూ అలాగే ఊపిరి బిగబట్టారు. ఈసారి నేను కూడా.

కాగితాలు నాకే తిరిగి ఇచ్చారు. రాసుకున్నవి చింపితే ఎట్ల, కురుమూర్తిది కూడా దిద్దుకో అన్నాడు మాస్టరు. 'ఆసక్తి లేదు' కొట్టేశాను. బస్సులో మూడుసార్లు ఆ కాగితం తీసి చూసుకున్నాను.

మార్చి 14

ఒక్క మాట వేషానికి మూడువేలు.

మార్చి 27

రిహార్సలు. భీమన్న సాయంత్రం షాపు మూసి బండి మీద వస్తాడు. అరవై మూడు పద్యాలూ వచ్చన్న మాట నిజమే. గొంతు బాగుంది, కురుమూర్తి గొంతు కంటే బాగుంది. ఇది ఒప్పుకోవడానికి నాకు వారం పట్టింది. కురుమూర్తి పక్కన కూర్చుని వింటాడు, తప్పు వచ్చినచోట కర్రతో నేల మీద ఒకసారి కొడతాడు. భీమన్న ఆగి మళ్లీ మొదలుపెడతాడు. ఇద్దరి మధ్య మాటలు తక్కువ. ఇవాళ మాత్రం కిరీటం పెట్టుకుని తల ఎలా తిప్పాలో కురుమూర్తి లేచి చేసి చూపించాడు. మూడుసార్లు చేశాడు. నాలుగోసారి కూడా చేసేవాడే, మాస్టరు వద్దన్నాడు.

నేర్పినందుకు రోజుకు ఎంత అనుకోవచ్చు పెద్దనాయనా, ఫారంలో గడి ఉంది అన్నాను. ఇద్దరూ కలిసి నవ్వారు. ఆ గడి ఖాళీగా ఉంచాను. ఖాళీ గడి కూడా ఒక సమాధానమే, సార్ ఏమన్నా అననీ.

రాత్రి నిద్రలో మళ్లీ పాడుతున్నాడా అని బాలమ్మను అడిగాను. పాడడం లేదంది. ఆ జవాబు దారి పొడుగునా నాతోనే వచ్చింది.

ఏప్రిల్ 3

సార్ దగ్గరికి హైదరాబాదు వెళ్లి పట్టిక చూపించాను. భటుడి వరస దగ్గర ఆగిపోయాడు. ఊరికే ఇచ్చే వేషానికి మూడువేలేమిటి, ఇది గుంపులో కలవని అంకె, తీసేయ్ సౌజన్యా, సగటు పాడవుతుంది అన్నాడు. తీయను సార్ అన్నాను. భీమన్న అంకె కిరీటం అని మురిసిపోయారు కదా, ఈ అంకె లేకపోతే ఆ అంకెకు అర్థం లేదు అన్నాను. భీమన్న అంకె దానంతట అది పుట్టింది కాదు, నేను పుట్టించింది, ఎలా పుట్టించానో ఒక పేజీ రాసి పెడతాను, పరీక్షకులు తిడితే తిట్టనీ అని కూడా అన్నాను. సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. రాయి, చదివి చెప్తాను అన్నాడు.

వేషం విలువ వేషంలో ఉందనుకుని మొదలుపెట్టాను. ఏ వేషమైనా సరే, ఆ ఒక్క రోజు స్టేజి మీద నిలబడటానికి కురుమూర్తి ఇచ్చాడు. రాజుగా నిలబడటానికి దాచిన మూటలోంచి ఒక్క రూపాయి కూడా తగ్గించుకోలేదు. దీన్ని నేను ఆర్థికశాస్త్రం భాషలోనే రాయగలను, రాస్తాను.

ఏప్రిల్ 12, పొద్దున్నే

మూడో ఊరి నుంచి మొదటి బస్సుకు వచ్చాను. స్నానం కూడా చేయలేదు, ముందు ఇది రాయాలి.

నాటకం ఉగాది అయిన మూడో నాడు, నిన్న. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ట్రాక్టర్ల మీద వచ్చారు. ఆడవాళ్ల వైపు బాలమ్మ పక్కన నాకు చోటు పెట్టారు. ఆమె తెర వైపు చూడడం లేదు, నేలకేసి చూస్తోంది. ఊరందరికీ తెలుసు రాజు మారాడని. మా వెనక కూర్చున్నవాళ్లు కురుమూర్తి ఏ వేషమో తెలుసుకుని అయ్యో అనుకుంటున్నారు. ఆ అయ్యో విన్నప్పుడల్లా బాలమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

తెర లేచింది. ఖాళీ సింహాసనం. మైకు పక్కన ఈటె పట్టుకుని కావలి భటుడు. ఎర్ర చొక్కా కురుమూర్తికి భుజాల దగ్గర బిగుతుగా ఉంది. హార్మోనియం ఆగింది. ఆయన తన ఒక్క మాట అన్నాడు: "రణకేతు మహారాజులవారు వేంచేయుచున్నారు, బహుపరాక్!" పందొమ్మిదేళ్లు రాజు పద్యాలకు పెట్టిన గొంతంతా ఆ ఒక్క మాటలో పెట్టాడు. జనం ఈల వేయడం కూడా మరిచిపోయారు.

భీమన్న వచ్చాడు. కిరీటం, గద, మెడ నిండా పూసలు. భటుడి పక్క నుంచే సింహాసనం వైపు పోవాలి. రిహార్సల్లో ఎన్నిసార్లు పోయాడో. నిన్న పోలేకపోయాడు. కురుమూర్తి ముందు ఆగాడు. గద కింద పెట్టాడు. ఇంత జనం చూస్తుండగా, కాళ్లు మొక్కడానికి వంగబోయాడు.

కురుమూర్తి ఈటె కర్ర అడ్డం పెట్టాడు. మెల్లగానే అన్నాడు, కానీ మైకు పక్కనే ఉంది కాబట్టి ఆ చివర ట్రాక్టర్ల మీద ఉన్నవాళ్లు కూడా విన్నారు.

"వంగకురా. రాజువు నువ్వు."

భీమన్న నిటారుగా నిలబడ్డాడు. బాలమ్మ తలెత్తింది.